స్నానం మానినవారికి సన్మానం

"స్నానం గత శతాబ్దపు అలవాటు! కొత్త మనిషికి దానితో పనిలేదు!"

ఏప్రిల్ నెల మిట్టమధ్యాహ్నం, బ్యాంకాక్ నగరం నడిబొడ్డున, ఇరవయ్యో అంతస్తులోని సమావేశ మందిరంలో హెన్రిక్ గారు ఈ మాట ప్రకటించారు. కింద రోడ్డు మీద కుక్కలు నీడ కోసం ఆగి ఉన్న కార్ల కిందికి దూరుతున్నాయి. ట్రాఫిక్ పోలీసు తడి తువాలు మెడకు చుట్టుకుని ఈల ఊదుతున్నాడు. లోపల బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లందరూ పొద్దున లేవగానే ఒకసారి, బయల్దేరే ముందు ఇంకోసారి స్నానం చేసి, మెడకు చల్లదనాన్నిచ్చే పౌడరు దట్టించుకుని వచ్చినవాళ్లే. అందరూ ఒక్కసారిగా చిరునవ్వు నవ్వారు.

ఈ చిరునవ్వుల్లో చాలా రకాలున్నాయి. "అవును" అనే చిరునవ్వు ఒకటి. "కాదు" అనేది ఇంకొకటి. "ఈయన్ని ఎవరైనా ఆపండర్రా" అనేది మరొకటి. మంచుదేశం నుంచి నేరుగా వచ్చి దిగిన హెన్రిక్ గారికి మాత్రం అన్నీ ఒకేలా కనిపించేవి. పళ్లు కనబడితే చాలు, ఒప్పుకున్నట్టే!

ఆయన అమ్మదలచిన వస్తువు పేరు స్నోరా. సీసా నొక్కితే తెల్లటి నురగ వస్తుంది. ఒంటికి రాసుకుంటే చాలు, రెండు రోజులపాటు స్నానం అక్కర్లేదు. నీళ్ల గొట్టాలు గడ్డకట్టే ఊళ్లలో అది మహాప్రసాదం. దాన్ని చెమట గొట్టాలు మాత్రమే ఉన్న ఊళ్లోకి తెచ్చారాయన.

"మన పరిశోధన ఏం చెబుతోంది?" అని అడిగారు హెన్రిక్ గారు.

పరిశోధన చేసింది మాప్రాంగ్. ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరింది ఈమధ్యే, పెళ్లయింది అంతకన్నా ఈమధ్యే. మాప్రాంగ్ అంటే ఓ పుల్లటి పండు పేరు. అమ్మ కడుపుతో ఉన్నప్పుడు ఆ పండు మీద మనసు పడిందని ఆ పేరు పెట్టారు. భర్త పేరు గోల్ఫ్. అతను పుట్టి బుద్ధెరిగి గోల్ఫ్ కర్ర పట్టుకోలేదు, ఏసీలు బాగుచేస్తాడు. పెళ్లయిన దగ్గర్నుంచి మాప్రాంగ్‌కి లోకంలో ప్రతిదీ ముద్దొస్తోంది. ఒకే గ్లాసులో రెండు పళ్లుతోముకునే బ్రష్షులు పక్కపక్కన నిలబడి ఉండడం చూస్తూ ఓ రోజు బస్సు అందుకోలేకపోయింది కూడా!

ఆమె లేచి నిలబడి పరిశోధన ఫలితం చదివింది. కాలవ అవతలి పేటల నుంచి పన్నెండుమంది ఆడవాళ్లని పిలిచి, కడుపునిండా భోజనం పెట్టి, స్నోరా చేతికిచ్చి, ఎలా ఉందమ్మా అని అడిగారు. అంత చక్కగా భోజనం పెట్టినవాళ్ల మొహం మీద బాగాలేదని ఎవరంటారు? మొహమాటం ఉండదూ? "చాలా బాగుంది" అన్నారు పన్నెండుమందీ. ఒక పెద్దావిడ మాత్రం తలుపు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, మాప్రాంగ్ చెవిలో, "పాపం, ఆ దొరగారింట్లో నీళ్లు రావా తల్లీ?" అని అడిగింది. ఆ ముక్క పరిశోధనలో రాయడానికి మాప్రాంగ్‌కి మొహమాటం అడ్డొచ్చింది.

"నూటికి నూరుపాళ్లు!" అని బల్ల మీద చరిచారు హెన్రిక్ గారు. "తుయ్ గారూ, మీ ఉద్దేశం?"

తుయ్ అక్క మాప్రాంగ్ వాళ్ల విభాగానికి పెద్ద. "అద్భుతం సర్! నేనయితే వాడడం మొదలుపెట్టేశాను సర్!" అంది. ఆమె తల ఇంకా తడారలేదు.

మాప్రాంగ్ కాపురం ఉండేది ఓ సన్నటి సందులో, కింది అంతస్తులోని ఒక్క గదిలో. సరిగ్గా ఎదుటే అత్తగారి క్షౌరశాల. అత్తగారి పేరు నువన్‌చన్. ఆ సందులో ఎవరి జుట్టు ఎలా ఉండాలో, ఎవరి కాపురం ఎలా ఉండాలో ఆవిడే నిర్ణయిస్తుంది. రోజూ పొద్దున కోడలు ఆఫీసుకి బయల్దేరేటప్పుడు ఆవిడ దువ్వెన చేత్తో పట్టుకునే గుమ్మంలోకి వచ్చి, కోడలి చెంపకు ముక్కు ఆనించి గట్టిగా ఓ పీల్పు పీల్చేది. వాళ్ల ఇళ్లలో ముద్దంటే అదే. పీల్చి, లోపల జుట్టుకు చుట్టలు చుట్టించుకుని కూర్చున్న ఖాతాదారుల వైపు తిరిగి, "మల్లెమొగ్గండీ నా కోడలు!" అని ప్రకటించేది.

ఆ పీల్పుతో మాప్రాంగ్ రోజంతా గాల్లో తేలుతూ తిరిగేది. తల్లి చిన్నప్పుడే పోయిన పిల్ల. మొగుడి ప్రేమ ఎలాగూ దొరికింది, దాంతోపాటు ఈ ముక్కు కూడా దొరికిందని ఆమె మురిపెం.

మరో వారానికి హెన్రిక్ గారు ఒక ఫొటో తీయించారు. "మీవాళ్లు ముక్కుతో ముద్దు పెట్టుకుంటారట కదా! ఇంతకన్నా మంచి పరీక్ష ఉంటుందా? కొత్త దంపతులు కావాలి!" అన్నారు. ఆఫీసులో కొత్త దంపతుల్లో సగభాగం మాప్రాంగే. తక్కిన సగభాగాన్ని కొబ్బరిపాల అన్నం, మామిడిపండు ఆశ పెట్టి రప్పించింది. గోల్ఫ్ ఆమె చెంపకు ముక్కు ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఫొటో అంత బాగా వస్తుందని ఎవరూ అనుకోలేదు. కళ్లు తెరవమన్నా అతను ఒక పట్టాన తెరవలేదు.

సోమవారం ఆ ఫొటో సందు చివరి రైలు స్టేషన్ గోడ మీద తాటిచెట్టంత ఎత్తున వెలిసింది. కింద ఇలా రాసుంది:

"రెండు రోజులుగా నేను స్నానం చేయలేదు. ఆయనకి తెలియనే తెలియదు!"

ఆ సాయంత్రం మాప్రాంగ్ సందులోకి అడుగుపెట్టేసరికి చేపల బండి ఆమె జరిగి దారిచ్చింది. చేపల బండి ఆమె!

"చూశావా?" అని అడిగింది మాప్రాంగ్ ఇంట్లోకి వెళ్లగానే.

"చూశాను," అన్నాడు గోల్ఫ్. "నా ముక్కు మరీ అంత పెద్దదా?"

"ముక్కు సంగతి కాదయ్యా! కింద రాసింది చదివావా?"

"చదివాను. నువ్వు నెల్లాళ్లు స్నానం చేయకపోయినా నాకు ఒకటే మాప్రాంగ్." ఒక్క క్షణం ఆలోచించి, "అంటే... అంత అవసరం లేదనుకో," అన్నాడు.

మర్నాడు పొద్దున అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. మాప్రాంగ్ చెంప ముందుకు పెట్టింది. అత్తగారు దువ్వెన చాచి, దాంతో కోడలి భుజం మీద మెల్లగా రెండుసార్లు తట్టి, "జాగ్రత్తగా వెళ్లిరా అమ్మా," అంది. అంతే! లోపల ఖాతాదారులు అద్దంలోకి చూస్తూ కూర్చున్నారు.

"అత్తయ్యా, అది ఉత్త ప్రకటన అత్తయ్యా!"

"అంటే అబద్ధమా?"

"అబద్ధమే అత్తయ్యా!"

"నిజమైతే నా కోడలు కంపు. అబద్ధమైతే నా కోడలు అబద్ధాలకోరు. నా కొట్టుకొచ్చినవాళ్లకి ఈ రెండింట్లో ఏది చెప్పమంటావో సాయంత్రంలోగా ఆలోచించుకుని చెప్పు."

సాయంత్రం మాప్రాంగ్ కొట్టు వైపు చూడకుండా తల వంచుకుని ఇంటికొచ్చింది. గుమ్మం దగ్గర కొత్త సబ్బు ఒకటి, కొత్త తువాలు ఒకటి మడతపెట్టి ఉన్నాయి. ఎవరు పెట్టారో అడగక్కర్లేదు. ఆ సబ్బు చూసి మాప్రాంగ్ ఏడ్చేసింది. మంచి సువాసన ఉన్న సబ్బు కావడంతో ఏడుపు మధ్యలో ఓసారి వాసన కూడా చూసింది.

హెన్రిక్ గారితో చెప్పేయాలి, ఈ బొమ్మ దింపించేయాలి అని పొద్దున్నే ఆయన గదికి వెళ్లింది. ఆయన చిన్నపిల్లాడిలా మొహం వెలిగించుకుని ఎదురొచ్చారు.

"మాప్రాంగ్! మీ ఫొటో అద్భుతం! శనివారం పెద్ద బజారు భవనంలో విడుదల ఉత్సవం. ఆఫీసంతా గురువారం నుంచి స్నానం మానేస్తుంది. శనివారం వేదిక మీద జనం మనల్ని వాసన చూస్తారు! మీ ఆయన మొదట! మీకేమైనా అభ్యంతరమా?"

అభ్యంతరం ఆమె గొంతు దాకా వచ్చింది. ఆయన మొహం అంత ఆనందంగా ఉంటే ఎలా చెబుతుంది? "ఏం లేదు సర్," అని చిరునవ్వు నవ్వింది. ఆమె పళ్లు చూసి ఆయన తృప్తిపడ్డారు.

మోసం జరక్కుండా ఆయన ఒక ఉపాయం కూడా చేశారు. గురువారం సాయంత్రం అందరి కుడిచేతి మణికట్టు మీదా నీలం సిరాతో మంచుపువ్వు ముద్ర వేశారు. నాలుగు చుక్కల నీళ్లు తగిలితే చెరిగిపోయే సిరా. ముద్ర ఉంటే స్నానం లేనట్టు. ముద్ర పోతే ఉద్యోగం అనుమానం. శనివారం దాకా ఈ ముద్ర సంగతి మూడో మనిషికి చెప్పకూడదని అందరిచేతా మాట తీసుకున్నారు. అందరూ ఉత్సాహంగా చేతులు చాచారు. "నాకైతే ఇదో పండగలా ఉంది సర్!" అంది తుయ్ అక్క. రోజుకి నాలుగు స్నానాలు కూడా చాలని, లెక్కలు చూసే ఎక్ గారు, "ఎప్పట్నుంచో మానేద్దామనుకుంటున్నాను సర్," అన్నారు.

మాప్రాంగ్ ఆ రాత్రి ఫ్యాను కింద స్నోరా రాసుకుని పడుకుంది. ఉద్యోగధర్మం! తెల్లారేసరికి ఒళ్లంతా తేనె పూసి ఎండలో పెట్టినట్టు జిగటగా ఉంది. చీమ ఒకటి మోచేతి మీద నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. అక్కడే ఉండిపోయింది పాపం.

"ఇక నా వల్ల కాదు," అని మాప్రాంగ్ స్నానాలగదిలోకి దూరింది.

గది బొత్తిగా చిన్నది. నీళ్ల తొట్టి, చెంబు, మనిషి పట్టగా ఇంక ముద్ర పట్టే చోటు లేదు. పైన గాలికోసం ఓ చిన్న కిటికీ ఉంది, అది సందులోకి తెరుచుకుంటుంది. పీట ఎక్కి కుడిచెయ్యి భుజం దాకా ఆ కిటికీలోంచి బయటికి పెట్టేసింది. ఎడమచేత్తో చెంబు ముంచి పోసుకుంది. ఆహా! ఆ మొదటి చెంబు! పెళ్లి నాడు పెద్దలు చేతులమీద పోసిన మంత్రజలం కూడా అంత హాయిగా లేదు. పాట కూడా పాడుకుంది. బయట కుడిచెయ్యి తాళం వేసింది.

ఆ రెండు రోజుల్లో ఆమె మామూలుకన్నా ఎక్కువ స్నానాలే చేసింది. చాటుగా చేసే పనికి రుచి ఎక్కువ. వింత చూడండి! లోకంలో అందరూ మురికిని దాచుకుంటారు. మాప్రాంగ్ శుభ్రతని దాచుకుంటోంది. ఒంటి నిండా మల్లె వాసన, సందు నిండా కంపు పేరు!

ఇక శనివారం. బజారు భవనం మధ్యలో వేదిక, వేదిక మీద పూలు, పూల వెనక ఆఫీసంతా వరసగా. ఎదుట జనం. జనంలో మూడో వరసలో అత్తగారు! చుట్టూ ఆవిడ ఖాతాదారులు. ఒకావిడ జుట్టు చుట్టలు విప్పుకోకుండానే వచ్చేసింది.

గోల్ఫ్ వచ్చి భార్య చెంప పీల్చి, "బాగుంది," అన్నాడు. మళ్లీ పీల్చి, "చాలా బాగుంది," అన్నాడు. మూడోసారికి తుయ్ అక్క అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

"భర్త మాట కాదు!" అన్నారు హెన్రిక్ గారు ఉషారుగా. "ఎవరైనా పెద్దవారు రావాలి! ముక్కు మీద నమ్మకం ఉన్నవారు!"

"నేనొస్తున్నా," అని లేచింది నువన్‌చన్.

ఆవిడ మెట్లెక్కుతుంటే జనం తప్పుకున్నారు. కోడలి ముందు నిలబడి, అయిదు రోజుల తర్వాత ముక్కు చెంపకు ఆనించింది. పీల్చింది. ఆగింది. రెండో చెంప కూడా పీల్చింది.

"మల్లె సబ్బు," అంది పైకే. "ఒళ్లారి ఇంకా గంట కూడా కాలేదు. ఏంటే ఇది?"

హెన్రిక్ గారికి వాళ్ల భాష రాదు. "ఏమంటున్నారు?" అని మాప్రాంగ్‌ని అడిగారు.

"మా అత్తగారికి చాలా ఆనందంగా ఉందట సర్."

"అద్భుతం! రుజువు చూపిద్దాం!" అని ఆయన మాప్రాంగ్ కుడిచెయ్యి పట్టుకుని పైకెత్తారు. "చూడండి, నీళ్లు తగిలితే చెరిగిపోయే ముద్ర! చెక్కుచెదరలేదు!" తుయ్ అక్క ఆ మాటల్ని జనానికి తమ భాషలో చెప్పింది.

గాల్లోకి లేచిన ఆ చేతిని అత్తగారు తదేకంగా చూసింది. ఖాతాదారులూ చూశారు. జుట్టుచుట్టల ఆవిడ ముందుగా అరిచింది.

"అక్కా! ఆ చెయ్యే! కిటికీలోంచి ఊగిన చెయ్యి!"

"ఓసి నీ తెలివి తెల్లారా!" అంది నువన్‌చన్. "ముద్ర కోసమా! రెండు రోజులుగా నీ స్నానాలగది కిటికీలోంచి చెయ్యొకటి బయటికొచ్చి తాళం వేస్తుంటే సందంతా ఏమనుకున్నామనుకున్నావే? కొత్తపెళ్లికూతురు, సరదా పడి పలకరిస్తోందని మేమందరం తిరిగి చేతులూపాం! పోస్టుమాను కూడా ఊపాడు! దయ్యమేమోనని మూలింటి ముసలాయన దండం కూడా పెట్టాడు!"

భవనం పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు జనం. నువన్‌చన్ కోడలి మెడ వంచి, చెంపకు ముక్కు ఆనించి, ఊపిరితిత్తులు నిండా పీల్చి, జనం వైపు తిరిగి, "మల్లెమొగ్గండీ! రోజుకి మూడు స్నానాల పిల్ల! చూశారా?" అని గొంతెత్తి ప్రకటించింది. మాప్రాంగ్‌కి ఉద్యోగం పోయినా పర్లేదనిపించింది. నిజంగానే పోతుందనీ అనిపించింది.

"ఏమంటున్నారు?" అన్నారు హెన్రిక్ గారు.

అత్తగారు ఊరుకుంటే కదా! వరస వెంట నడుస్తూ ఒక్కొక్కరినీ పీల్చుకుంటూ పోయింది. "ఈవిడది నిమ్మగడ్డి సబ్బు. మణికట్టు చుట్టూ రబ్బరుబ్యాండు వాత చూడండి, ప్లాస్టిక్ సంచి కట్టుకుని చేసింది!" తుయ్ అక్క ముద్రని వెనక దాచుకుంది. "ఈయన ఈ పొద్దుటికి మూడోది ముగించి వచ్చాడు. చెవిలో నురగ ఉంది." ఎక్ గారు చెవి తుడుచుకున్నారు. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. రెండు రోజులుగా ప్రతివాళ్లూ, మోసగత్తె నేనొక్కదాన్నే, మోసగాడిని నేనొక్కడినే అని కుమిలిపోతున్నారు మరి!

చివర హెన్రిక్ గారి దగ్గర ఆగింది. ఆయన తాటిచెట్టంత మనిషి. "వంగు బాబూ," అని సైగ చేసింది. ఆయన గర్వంగా వంగారు. మెడ మీద, కాలరు కింద, ఆ చల్లదనాన్నిచ్చే పౌడరే తెల్లగా చారలు చారలుగా ఉంది.

"అమ్మా, ఈయన కర్పూరం సబ్బుతో తలంటుకుని వచ్చాడే!" అంది నువన్‌చన్.

జనం నవ్వడం మానేశారు. హెన్రిక్ గారు మాప్రాంగ్ వైపు చూశారు. "ఏమంటున్నారు?"

మాప్రాంగ్ మొట్టమొదటిసారి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "మీరు తలస్నానం చేశారంటున్నారు సర్."

హెన్రిక్ గారి మొహం టమాటాలా ఎర్రబడింది. కోటు చెయ్యి వెనక్కి లాగితే ముద్ర లేనే లేదు. "రోజూ మూడు," అన్నారు నీరసంగా. "వచ్చిన మొదటిరోజు నుంచీ. ఈ ఉక్కలో మనిషి స్నానం చేయకుండా ఎలా బతుకుతాడు మాప్రాంగ్?"

ఆ మాటలు అర్థం కాకపోయినా ఆ మొహం అందరికీ అర్థమైంది. అంత పెద్దమనిషి అంతమంది ఎదుట పరువు పోగొట్టుకుని నిలబడితే చూడలేకపోయారు జనం. పాపం, దేశం కాని దేశం! ముందు ఒకావిడ వచ్చి మాట్లాడకుండా ఒక సీసా కొంది. ఆవిడ కొన్నాక వెనకున్నావిడకి మొహమాటమైంది. ఆవిడ రెండు కొంది. సాయంత్రానికి ఒక్క సీసా మిగల్లేదు! నువన్‌చన్ కూడా మూడు కొని, వాటితో క్షౌరశాలలోని ఫ్యాను రెక్కలు తుడిచింది. తళతళ మెరిశాయి. ఆ వారంలో సందు సందంతా పిల్లల బడి బూట్లు తెల్లగా అయిపోయాయి. రైలు స్టేషన్ గోడ మీది బొమ్మ కింద రాతని గోల్ఫే నిచ్చెన వేసుకుని చింపేశాడు. బొమ్మని మాత్రం ఉంచేశాడు.

మంచుదేశంలోని పెద్దాఫీసుకి కేవలం అమ్మకాల సంఖ్య చేరింది. వాళ్లు మురిసిపోయి, ఇంకో ఓడెడు సరుకు పంపుతున్నామనీ, స్నానం మానడంలో దేశానికి ఆదర్శంగా నిలిచిన ఉద్యోగులందరికీ నది ఒడ్డు హోటల్లో సన్మానం చేయమనీ కబురు పంపారు. ఎవరి ఉద్యోగమూ పోలేదు.

హెన్రిక్ గారు అందరినీ సమావేశ మందిరానికి పిలిచి ఈ శుభవార్త చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. శాలువాలు, జ్ఞాపికలు, విందు భోజనం అన్నీ వివరంగా చదివి వినిపించాక, ఆయన గొంతు సవరించుకున్నారు.

"ఒక చిన్న మనవి. హాలు ఇరుకు, అక్కడి ఏసీ కూడా అంతంతమాత్రమట. అందుచేత సన్మానం పొందేవాళ్లందరూ దయచేసి స్నానం చేసి రండి!"